గలీబుకు పట్టిన జబ్బు

మొన్న మా పక్కింటివాళ్ళు పాత వంటపాక మీది సిమెంటు రేకులు తీయించారు. నలుగురు మనుషులు పైకెక్కి సమ్మెటలతో బాది, ముక్కలు చేసి కింద పడేస్తున్నారు. తెల్లటి దుమ్ము లేచి మా పెరట్లో ఆరేసిన బట్టల మీద పడుతోంది. నేను చేతికర్ర పుచ్చుకుని గోడ దగ్గరికి వెళ్ళి కేకలేశాను. నీళ్ళు చల్లి తడపమన్నాను, పగలగొట్టకుండా దించమన్నాను, ముక్కుకి గుడ్డలు కట్టుకోమన్నాను. మేస్త్రి నవ్వి, దుమ్మే కదా మామ్మగారూ అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ఆయన గుర్తొచ్చాడు.

ఆయన పోయి యాభై ఏళ్ళు దాటింది. పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఆ పేరు పక్కన మేము రాసిన అబద్ధం చాలు. ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లెలో దూది ఏకే మనిషి. నేను అప్పుడు ఆ చుట్టుపక్కలే ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నర్సుని. అరవైల మధ్య సంగతి. పాతికేళ్ళ వయసు, తెల్లటోపీ, నాకు తెలియనిది లేదన్న ధీమా.

వచ్చినరోజు ఆయన ఆసుపత్రి మూడు మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా, ఆయాసం కోసం ఆగినట్టు కాకుండా, గోడకి వేసిన సున్నం బాగుందో లేదో చూస్తున్నట్టు నిలబడేవాడు. పొడుగు మనిషి. ఎడమ భుజం కిందికి జారి ఉంది. నేను పెద్ద పుస్తకం తెరిచి పేరు, వయసు రాసుకున్నాను. కులం గడిలో దూదేకుల అని రాశాను. పక్కనే వృత్తి గడి ఉంటే, ఆయన్ని అడగకుండానే దూది ఏకడం అని నింపేశాను. మా నాన్న బడిపంతులు. పేట చూసి, కులం చూసి ఎవరైనా మా నాన్నని పొలం పనికి పిలిస్తే మా ఇంట్లో వారంరోజులు అదే గొడవ. అలాంటి ఇంట్లో పుట్టి నేను చేసిన పని అది.

మంచం చూపిస్తే ముందు కూర్చోలేదు. పరుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కి, ఒక మూల పట్టి ఎత్తి చూసి, ఇందులో సగం పురుగు తిన్న పత్తి, ఏకినవాడు తొందరలో ఉన్నాడు అన్నాడు. వార్డులో ఉన్న పన్నెండు పరుపులకీ రెండురోజుల్లో ఇలాగే తీర్పులు చెప్పాడు. మా మేట్రను గారి పరుపు ఒక్కటే పాసయింది.

పడుకోమంటే పడుకునేవాడు కాదు. కిటికీ ఊచలకి వీపు ఆనించి కూర్చుని ఉండేవాడు. చెంగులో మూటగట్టిన బెల్లంముక్క ఒకటి ఎప్పుడూ దగ్గరుండేది. దూదిలో పనిచేసేవాళ్ళకి అదొక అలవాటు. సాయంత్రం పని దిగాక ఇంత బెల్లం నోట్లో వేసుకుంటే గొంతులో ఇరుక్కున్న నూగంతా కిందికి పోతుందని వాళ్ళ నమ్మకం. ఆయన తండ్రి తిన్నాడు, తాత తిన్నాడు, అరవై దాటినా దగ్గకుండా బతికారు. బెల్లం తిన్నవాడికి దుమ్ము ఏం చేస్తుందని ఆయన కూడా ముప్పై ఏళ్ళు నిశ్చింతగా ఉన్నాడు.

పెద్ద డాక్టరుగారు పరీక్ష చేశారు. ఎడమవైపు ఛాతీలో నీరు చేరింది. లావుపాటి సూది గుచ్చి తీస్తే సీసా నిండా వచ్చింది. మామూలుగా గడ్డిరంగులో ఉండాల్సిన నీరు ఎర్రగా ఉంది. డాక్టరుగారు దానివైపు ఒక్క క్షణం చూసి, క్షయ అని రాసేశారు. ఆయన్ని తప్పుపట్టను. మా దగ్గరికి ఛాతీలో నీటితో వచ్చినవాళ్ళు పదిమందిలో తొమ్మిదిమందికి అదే. పదోవాడు ఎలా ఉంటాడో మాలో ఎవరూ చూసి ఉండలేదు.

దూది ఏకే ఆయన మాత్రం ఒప్పుకోలేదు. మా ఆసుపత్రిలో క్షయ రోగులకి విడిగా ఒక అల్యూమినియం గ్లాసు ఇచ్చేవాళ్ళం, దాని మీద ఎర్రరంగు గీత. రోజూ పొద్దున నేను ఆ గ్లాసు బల్ల మీద పెట్టేదాన్ని. నేను వార్డు చివరికి వెళ్ళి వచ్చేసరికి అది బోర్లించి ఉండేది. తన ఇత్తడి చెంబులోనే తాగేవాడు. నేను కసిరితే నా మీద కోప్పడేవాడు కాదు. "ఆ జబ్బు నాది కాదు సిస్టరమ్మా, ఆ గ్లాసూ నాది కాదు" అనేవాడు, అంతే. మర్నాడు మళ్ళీ నేను పెట్టడం, ఆయన బోర్లించడం.

ఆ రోజుల్లో క్షయకి తొంభై సూదులు వేసేవాళ్ళం. ఇంటికి పంపేశాక కూడా ఆయన ఎద్దుబండి మీద వచ్చి నాచేత వేయించుకునేవాడు. నీరు తీసిన పదిహేను రోజులకి మళ్ళీ నిండేది. మళ్ళీ తీసేవాళ్ళం. సాయంత్రం జ్వరం లేదు. కఫం లేదు. పొడిదగ్గు, భుజం లోపలెక్కడో ఎముకని పట్టి మెలితిప్పినట్టు నొప్పి, రోజురోజుకీ తగ్గిపోయే ఒళ్ళు. వేలి గోళ్ళు ఉబ్బి వంపు తిరిగాయి. సూదులు వేసినకొద్దీ క్షయవాళ్ళకి కండపడుతుంది. ఈయన లాల్చీ మాత్రం వచ్చినప్పుడల్లా వదులవుతోంది. ఇవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. చార్టులో నా చేత్తోనే రాశాను కూడా.

సూదులు సగం అయ్యేసరికి ఆయనకి చెవుల్లో హోరు మొదలైంది. ఆ మందుకి ఆ గుణం ఉంది. మామూలు మనిషికైతే అది కొంత ఇబ్బంది. దూది ఏకేవాడికి అది చేతులు విరిచినట్టే. విల్లుకి కట్టిన నరంతాడు బిగువు సరిపోయిందో లేదో గూటంతో ఒక్కసారి మీటి, చెవితో తెలుసుకోవాలి. ఆయన మీటుతున్నాడు కానీ మోత వినిపించడం లేదు. అప్పుడొక్కసారే ఆయన గొంతు పెంచగా విన్నాను. "లేని జబ్బుకి వేసిన సూదులు ఉన్న చెవిని తినేశాయి. ఇంక వేయించుకోను. ముందు ఆ పురుగు చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను."

అని ల్యాబు గుమ్మంలో కూర్చున్నాడు. పెద్ద డాక్టరుగారు గెంటించేస్తానన్నారు. గెంటించండి, రోడ్డు మీద కూర్చుని ఇదే అడుగుతానన్నాడు. చివరికి ల్యాబులో పనిచేసే ఆయనే విసుగెత్తి, ఇంకో రోగి కఫం అద్దిన గాజుపలక మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నాడు. నీలంగా ఉన్నదాంట్లో ఎర్రటి సన్నటి పుల్లలు. ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. తర్వాత, మరి నాది చూపించమన్నాడు. ఆయనకి కఫమే రాదు కాబట్టి, ఛాతీలోంచి తీసిన నీటితో చేసిన పలక పెట్టాం. ఇంకోటి పెట్టాం. మూడోది పెట్టాం. ఎక్కడా ఒక్క ఎర్రపుల్ల లేదు. ఆయన లేచి నిలబడి నా వైపు చూశాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అప్పటికే ఊళ్ళో జరగాల్సింది జరిగిపోయింది. మా ఆసుపత్రి చీటీలో ఉన్న మాట ఆయన కంటే ముందే ఊరు చేరింది. క్షయరోగి చేత్తో ఏకిన దూది మీద ఎవరు పడుకుంటారు? తరతరాలుగా ఆ ఇంటివాళ్ళ చేత పరుపులు కుట్టించుకున్నవాళ్ళు ఆయన్నే కాదు, ఆయన తమ్ముణ్ణి కూడా గుమ్మం తొక్కనివ్వలేదు. ఒక రైతు ఇంట్లో, ఏడాది కిందట ఆయన ఏకి కుట్టిన పరుపులు రెండు వీధిలోకి లాగి, చింపి నిప్పు పెట్టారు. అటుగా వెళ్తున్న ఆయన ఆగి, అక్కడే నిలబడి, చివరిదాకా చూశాడట. తర్వాత ఆ రైతుతో అన్నమాట ఆయన భార్య నాకు చెప్పింది. "మంచి దూది కనక కాలింది నాయుడుగారూ. నాలో ఉన్నది మీరు కిరసనాయిలు పోసినా కాలదు."

ఆ మాటకి అర్థం నాకు అప్పుడు తెలియలేదు. మద్రాసులో చదువుకుని కొత్తగా వచ్చిన లేడీడాక్టరు వల్ల తెలిసింది. ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి, చిన్నప్పట్నించి ఏయే పనులు చేశారో చెప్పమంది. ఆర్నెల్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఆయన చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు, పెళ్ళయిన కొత్తలో, పర్చూరు వైపు పత్తిగింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో పని దొరికింది. పత్తి తగ్గాక ఎండాకాలం మిల్లు ఆపి బాయిలరుని శుభ్రం చేసేవాళ్ళు. ఆవిరిగొట్టాల మీద వేడి పోకుండా ఒక పూత పూస్తారు. ఆ పూతలో కలిపే సరుకు కడప వైపు నుంచి బస్తాల్లో వచ్చేది, రాతినార. ఆస్బెస్టాస్ అంటారే, మా పక్కింటి రేకుల్లో ఉన్నదీ అదే. గడ్డలు కట్టి ఉండి నీళ్ళలో కలిసేది కాదు. మేనేజరుకి ఒక ఆలోచన వచ్చింది. మిల్లులో దూదేకులవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళచేత ఏకిద్దాం అన్నాడు.

అలా ఆయన రాయిని ఏకాడు. గాలి రాకుండా తలుపులు మూసిన కొట్టంలో, లేకపోతే సరుకు ఎగిరిపోతుందని. ఆ సంగతి చెబుతున్నప్పుడు కూడా ఆయన గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది. అంత సన్నటి నార ఏ పత్తికీ రాదట. విల్లు మోగితే పట్టులా లేచేదట, నిప్పులో వేస్తే కాలేది కాదట. ఒకసారి ఇంత ఇంటికి తెస్తే ఆయన భార్య దీపానికి వత్తి చేసింది. ఎన్ని రోజులు వెలిగించినా తరగని వత్తి అని వీధంతా వచ్చి చూశారు. ఏటా వేసవిలో నెలా నెలన్నర, పాతికేళ్ళకి పైగా ఆ పని చేశాడు. సాయంత్రం బెల్లం తినేవాడు. పత్తినూగు పోయినట్టే ఇదీ పోతుందనుకున్నాడు.

లేడీడాక్టరు కలం పక్కన పెట్టేసింది. విదేశాల పత్రికలో ఈమధ్యే చదివానని తర్వాత నాకు చెప్పింది. ఆ నార గాలితో లోపలికి వెళ్తే పోదు. దగ్గితే రాదు, కరగదు. ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొర దాకా పోయి అక్కడ గుచ్చుకుని ఉంటుంది. ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు ఏ బాధా ఉండదు. పని మానేశాక కూడా అది తన పని మానదు. ఒకరోజు ఆ పొరకి క్యాన్సరు పుడుతుంది. నీరు చేరుతుంది, తీస్తే మళ్ళీ చేరుతుంది, మెల్లగా పొర గట్టిపడి ఊపిరిని బిగించేస్తుంది. మేము క్షయ అనుకున్న ప్రతి లక్షణానికీ ఇక్కడ వేరే అర్థం ఉంది. పొరలోంచి చిన్న ముక్క తీసి మద్రాసు పంపింది. నెల తర్వాత జవాబొచ్చింది. ఆవిడ అనుకున్నదే.

ఆ సంగతి ఆయనకి చెప్పేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. జబ్బు ఊపిరితిత్తిలో కాదనీ, దాని చుట్టూ ఉన్న పొరలోననీ ఆవిడ చేతులు చాపి చూపించింది. ఆయన కాస్త ఆలోచించి, "అంటే దూది బాగానే ఉంది, పైన తొడిగిన గలీబుకి పట్టింది" అన్నాడు. అవునంది. నయమవుతుందా అని అడిగాడు. మందు లేదని ఆవిడ దాచకుండా చెప్పింది. నేను ఆయన మొహంలోకి చూడలేక కిటికీవైపు చూస్తున్నాను. వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. "సరే. అయితే రాసివ్వండి."

ఏం రాయాలంటే, ఇది క్షయ కాదని, అంటుకోదని, రాతిదూది వల్ల వచ్చిందని. ఎందుకంత పట్టుదలో అప్పుడు చెప్పాడు. ఊళ్ళో పరుపులపని పోయేసరికి తమ్ముడు వేరే దారిలేక ఆ మిల్లుకే ఒప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ ఈయన చేసిన పనికే. వారం కిందట మిల్లు ఆపారు, కొట్టంలో ఏకడం మొదలైంది. అన్న వద్దంటే తమ్ముడు నమ్మడం లేదు. ఆసుపత్రివాళ్ళే క్షయ అని రాశారు కదా, రాయి మీద నెపం ఎందుకంటున్నాడు. మేము రాసిన ఒక్క మాట ఆయన పని తీసేసి, తమ్ముణ్ణి ఆ కొట్టంలోకి తోసింది. తను పోతానన్న బెంగ ఆయనలో నాకు కనిపించలేదు. తమ్ముడు ఆ తలుపుల వెనక ఇంకొక్క రోజు ఉండటం ఆయనకి ఇష్టం లేదు.

పెద్ద డాక్టరుగారు సంతకం పెట్టనన్నారు. ఆ మిల్లు యజమాని మాకు కొత్తవార్డు కట్టిస్తున్నాడు. లేడీడాక్టరు తనే రాసింది. క్షయ కాదు, అంటువ్యాధి కాదు, రాతినార దుమ్ము వల్ల వచ్చి ఉండవచ్చని నా అభిప్రాయం. నేను తెలుగులో చదివి వినిపించాను. ఆయనకి ఆ "ఉండవచ్చు" నచ్చలేదు. తీసెయ్యమన్నాడు. తనకి తెలిసినంతే రాస్తానని ఆవిడ అంది. ఆయన ఆవిడకి దణ్ణం పెట్టి, "మీకు తెలిసింది మీరు రాశారమ్మా, నాకు తెలిసింది నేను చెప్పుకుంటాను" అని కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం గుళ్ళో ప్రార్థన అయ్యాక నేనూ ఆయనతో బండెక్కాను. కాగితం చదివేవాళ్ళు కావాలి అన్నాడు. ఆ సూదులు వేసినదాన్ని నన్నే పిలవడంలో ఆయన ఉద్దేశం నాకు తెలుసు. ఆదివారమైనా మిల్లులో బాయిలరుపని నడుస్తోంది. గేటు నుంచి కొట్టం దాకా వంద అడుగులుంటుంది. ఆయన నాలుగుసార్లు ఆగాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. తలుపు తోశాడు. లోపల తెల్లటి పొగలా ఉంది. అందులో విల్లు మోగుతోంది. తమ్ముడి కనురెప్పలు, మీసాలు తెల్లగా ఉన్నాయి.

నేను గుమ్మంలో నిలబడి కాగితం చదివాను. తమ్ముడు విన్నాడు గానీ కదల్లేదు. చదువుకున్నవాళ్ళు అప్పుడొకటి రాశారు ఇప్పుడొకటి రాశారు అన్నాడు. ఆయన లాల్చీ తీసేశాడు. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు, ఎడమవైపు సూదిగాట్లు. తమ్ముడికి వీపు తిప్పి కూర్చుని, డాక్టర్లు తడతారు చూడు అలా తట్టి చూడమన్నాడు. "నా చెవి పోయింది. నీకుంది కదరా. నువ్వే చెప్పు."

తమ్ముడు వేళ్ళతో కుడివైపు తట్టాడు. బోలుగా మోగింది. ఎడమవైపు తట్టాడు. ఏమీ మోగలేదు. ఇంకొంచెం కింద తట్టాడు, ఇంకా కింద తట్టాడు. పుట్టినప్పట్నించి దూదిలో తడి ఎక్కడుందో మోతతోనే కనిపెట్టినవాడు. చెయ్యి అన్న వీపు మీదే ఉంచి అలాగే ఉండిపోయాడు. తర్వాత లేచి విల్లుకి కట్టిన తాడు వదులుచేశాడు. పని మధ్యలో దూదేకులవాడు తాడు వదులు చేయడు. చేస్తే ఇక ఆ చోట ఏకనని అర్థం.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. పాతికేళ్ళు ఈ మిల్లు ఉప్పు తిని ఇదా చేసేది అని అరిచాడు. ఆయన లాల్చీ తొడుక్కుంటూ, ఊపిరి కోసం ఆగి ఆగి, ఒక్కొక్క మాటే అన్నాడు. "ఉప్పూ తిన్నానండి, మీ దూదీ తిన్నాను. ఉప్పు ఎప్పుడో అరిగింది. దూదే అరగలేదు."

ఆ మిల్లు ఆ పని మానలేదు. ఇంకెవరినో తెచ్చుకుంది. నాకు తెలుసు, నేను దాచను. మేము బయటికి తెచ్చింది ఒక్క మనిషిని. ఆయన ఆ ఏడు తొలకరికి ముందే పోయాడు. తమ్ముడు ఎనభై దాటి బతికాడు.

కానీ ఆయన పోయేముందు ఒకరోజు ఉంది. మిల్లు పని మానేశాక ఆ తమ్ముడికి తిండెలా? కాగితం ఊరంతా చదివి వినిపించినా ఎవరూ పరుపు బయటపెట్టలేదు. నేను మా పేటలో మా ఇంటి ముందు నా పరుపు తెచ్చి వీధిలో పడేశాను. మా అమ్మ లోపలనుంచి తిడుతోంది. ఇద్దరికీ కబురు పంపాను. ఆయన బండి దిగి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. తమ్ముడు పరుపు విప్పి విల్లు ఎక్కుపెట్టాడు. అందరూ గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు, ఒక్కరూ దగ్గరికి రావడం లేదు. ఆయన మాత్రం ఊళ్ళో పెళ్ళిపని ఒప్పుకున్న మేస్త్రిలా, గట్టిగా కొట్టమని, ఆ ఉండ విడలేదని తమ్ముణ్ణి అదిలిస్తూనే ఉన్నాడు. ప్రతి మాటకీ మధ్య ఊపిరి వెతుక్కోవాల్సి వస్తోంది.

మధ్యాహ్నం కావస్తుంటే గుడి ఊడ్చే ముసలావిడ చంకలో దిండు పెట్టుకుని వచ్చింది. గట్టిపడి రాయిలా అయింది, మెడ పట్టేస్తోంది, కాస్త ఏకిపెట్టమని దిండు ముందుకి చాపింది.

ఆయన అందుకోలేదు. "వరసలో రావాలమ్మా" అన్నాడు. "ముందు సిస్టరమ్మ పరుపు కానీ."

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. వరసలో ఇంకెవరూ లేరు. అయినా దిండు మళ్ళీ చంకలో పెట్టుకుని, వచ్చి నా వెనకాల నిలబడింది.